టెక్సాస్ తెలుగు సంఘాల కల్చరల్ కమిటీలకు: ఆ ఈకల కిరీటాలు పక్కన పెట్టి ఒకసారి క్యాడోల దగ్గరికి పోదాం

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, అందులోనూ పిల్లల కార్యక్రమాలు చూసే కల్చరల్ కమిటీ వాళ్ళకు నమస్కారం.

ఏ సంఘం అని పేరు పెట్టి రాయడం లేదు. పేరు పెడితే వాళ్ళు నొచ్చుకుంటారు, మిగతా వాళ్ళు మనకేం సంబంధం లేదులే అనుకుంటారు. విషయం ఏంటంటే, మన పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో ఒకరిద్దరైనా 'రెడ్ ఇండియన్' వేషంలో వస్తారు. తలకి ఆన్‌లైన్‌లో కొన్న రంగు ఈకల పట్టీ, బుగ్గల మీద లిప్‌స్టిక్ గీతలు, చేతిలో ప్లాస్టిక్ గొడ్డలి. స్టేజీ మీదికొచ్చి నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ ఒక కేక పెడతాడు, మనం ఈలలు వేస్తాం, ఒక్కోసారి ప్రైజు కూడా ఇస్తాం. తర్వాత సావనీర్ తిరగేస్తే అందులో 'మన టెక్సాస్ చరిత్ర' అని ఒక వ్యాసం ఉంటుంది, అది సరిగ్గా 1836లో అలమో కోట యుద్ధం దగ్గర మొదలవుతుంది, అంతకుముందు ఏముంది అంటే 'ఇక్కడ కొన్ని ఆటవిక తెగలు సంచరించేవి' అని ఒక్క వాక్యం, మళ్ళీ ఆ ఊసు ఉండదు.

ఈ రెండూ ఈ ఏడాదితో ఆపండి. ఆపి, ఆ డబ్బుతో ఒక బస్సు మాట్లాడి పిల్లల్ని, వీలైతే పెద్దల్ని కూడా, తూర్పు టెక్సాస్‌లో ఆల్టో దగ్గరున్న క్యాడో మౌండ్స్‌కి, అంటే క్యాడోలు అనే ఇక్కడి మూలవాసులు పోసిన పాత మట్టి దిబ్బల దగ్గరికి, తీసుకెళ్ళండి. అడుగుతున్నది ఇంతే. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువే రాయాల్సి వస్తోంది, ఓపిక పట్టండి.

ముందు ఆ ఈకల సంగతి. ఆ పొడవాటి ఈకల కిరీటం ఉత్తరాన మైదానాల్లో ఉండే లకోటా లాంటి వాళ్ళది, అది కూడా అందరూ పెట్టుకునేది కాదు, సంపాదించుకోవాల్సిన గౌరవం. తూర్పు టెక్సాస్‌లో వందల ఏళ్ళు ఊళ్ళు కట్టుకుని బతికిన క్యాడోలకు దానితో సంబంధమే లేదు. వాళ్ళు గుడారాలు మోసుకుంటూ తిరిగిన వాళ్ళు కూడా కాదు. మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి, పొద్దుతిరుగుడు పండించుకునే రైతులు. మొక్కజొన్న అయితే ఏడాదికి రెండు పంటలు తీసేవాళ్ళు, తొందరగా చేతికొచ్చే చిన్న రకం ఒకటి, పిండికి పనికొచ్చే పెద్ద రకం ఒకటి. మనం ఉంటున్న రాష్ట్రం పేరు వాళ్ళ భాషలో స్నేహితుడు అనే మాట నుంచే వచ్చిందని స్కూల్లో మన పిల్లలకి ఎలాగూ చెప్తారు, కాబట్టి అది వదిలేస్తున్నా.

క్యాడోలు అంటే ఒకే తెగ కాదు, పాతిక దాకా చిన్న చిన్న సముదాయాలు. ఇప్పటి టెక్సాస్ తూర్పు భాగం, లూసియానా వాయవ్యం, అర్కాన్సా నైరుతి, ఓక్లహోమా ఆగ్నేయం, ఈ నాలుగు రాష్ట్రాలు కలిసే చోటంతా వాళ్ళదే. నెచెస్, ఆంజెలీనా నదుల దగ్గర ఉన్నవాళ్ళు హసినాయి, రెడ్ రివర్ పెద్ద మలుపు దగ్గర కడొహదాచో, దిగువన లూసియానా వైపు నాకితోష్. నాకొడోచెస్ అనే ఊరు పేరు కూడా అక్కడి ఒక క్యాడో సముదాయానిదే, ఆ ఊళ్ళో మౌండ్ స్ట్రీట్ అనే వీధిలో ఇళ్ళ మధ్య పాత మట్టి దిబ్బ ఒకటి ఇప్పటికీ ఉంది. ఆంజెలీనా నది కూడా, స్పానిష్ నేర్చుకుని 1700ల మొదట్లో వచ్చిన ఫాదరీలకీ సైనికులకీ దుబాసీగా పనిచేసిన ఒక క్యాడో ఆవిడ పేరే. హ్యూస్టన్ వాళ్ళు ఎన్ని సార్లు ఆ వంతెన దాటి ఉంటారో.

వాళ్ళ ఇల్లు కట్టే పద్ధతి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 1700ల మొదట్లో అక్కడున్న ఎస్పినోసా అనే స్పానిష్ ఫాదరీ ఇది కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఎవరికైనా ఇల్లు కావాలంటే ఊరి పెద్దకి చెప్తారు, ఆ పెద్దని 'కడి' అంటారు. ఆయన రోజు ఖాయం చేసి తన మనుషుల్ని పంపిస్తాడు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఎన్ని వాసాలు తేవాలో గుర్తుగా పుల్లలు ఇచ్చి వస్తారు, ఆడవాళ్ళు మోపెడు గడ్డి తేవాలి. ఆ రోజు తెల్లారకముందే అందరూ వాసాలు భుజాన వేసుకుని వచ్చేస్తారు. గుంటలు అప్పటికే గుండ్రంగా తవ్వి ఉంటాయి, ఎవరి వాసం వాళ్ళు దించుతారు. మధ్యలో ఒక పొడుగాటి రాట పాతి, దాని మీదికి ఇద్దరు ఎక్కి కూర్చుని వాసాల కొసలన్నీ లోపలికి వంచి తాళ్ళతో బిగిస్తారు, ఆ మీద గడ్డి కప్పుతారు, అంతా అయ్యాక మధ్య రాటని కోసి తీసేస్తారు. ఒక్క రోజులో ఇల్లు లేచి నిలబడుతుంది. ఆలస్యంగా వచ్చినవాడికి కడి మనిషి ఎదురెళ్ళి బెత్తంతో నాలుగు తగిలిస్తాడు, వాడు ఎవడైనా సరే. ఆరింటికి మొదలవ్వాల్సిన ప్రోగ్రాం ఎనిమిదిన్నరకి మొదలుపెట్టే మనం ఈ పద్ధతి గురించి కొంచెం ఆలోచించొచ్చు. పని అయ్యాక ఇంటివాళ్ళు జింక మాంసం, మొక్కజొన్న వంటలతో అందరికీ భోజనం పెడతారు.

చూడ్డానికి మన దివిసీమలోనో శ్రీకాకుళంలోనో ఉండే చుట్టిల్లు లాగే ఉంటుంది కానీ చాలా ఎత్తు, నేల దాకా గడ్డే. 1687లో లా సాల్ అనే ఫ్రెంచి అన్వేషకుణ్ణి సొంత మనుషులే చంపేశాక ప్రాణాలు దక్కించుకుని ఈ ఊళ్ళ మీదుగా వెళ్ళిన జూటెల్ అనే ఫ్రెంచి ఆయన, కొన్ని ఇళ్ళు 60 అడుగుల వ్యాసం ఉన్నాయని రాశాడు. ఒక్కో ఇంట్లో కొన్ని కుటుంబాలు కలిసి ఉండేవి. మధ్యలో నిప్పు, నాలుగు పెద్ద దుంగలు నాలుగు దిక్కులకి పెట్టి వాటి మొదళ్ళు కలిసే చోట అంటిస్తారు, అది ఆరకూడదు. అన్నిటికంటే పెద్ద పూజారిని 'షినెసి' అంటారు, ఆయన గుడిలో ఉండే నిప్పు నుంచే మిగతా ఇళ్ళకి నిప్పు వెళ్ళేది.

ఇక నేను తీసుకెళ్ళమంటున్న చోటు. ఆల్టో ఊరికి నైరుతిగా ఆరు మైళ్ళు, హైవే 21 పక్కనే. డల్లాస్ నుంచైనా హ్యూస్టన్ నుంచైనా మూడు గంటల లోపే. క్రీ.శ. 800 ప్రాంతంలో క్యాడోలు అక్కడ స్థిరపడ్డారు, 1300 దాకా అది వాళ్ళకి పెద్ద కేంద్రం. మూడు మట్టి దిబ్బలు ఉన్నాయి, రెండు గుళ్ళవి, ఒకటి పెద్దవాళ్ళని సమాధి చేసినది. యంత్రాల్లేవు, గుర్రాల్లేవు, ఎడ్ల బండ్లు లేవు. బుట్టలతో మట్టి మోసి పోసినవి. అక్కడ దొరికిన సముద్రపు గవ్వలు, రాగి చూస్తే వాళ్ళ వ్యాపారం ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. ఉప్పు కాచి అమ్మేవాళ్ళు, బోడార్క్ అనే గట్టి చెట్టు కర్రతో చేసిన వాళ్ళ విల్లులకి ఎక్కడెక్కడో గిరాకీ ఉండేది.

ఊరంటే మన ఊహలో ఉన్నట్టు ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు కాదు. 1691లో తేరాన్ అనే స్పానిష్ గవర్నర్ దండుతో రెడ్ రివర్ దాకా వెళ్ళినప్పుడు అక్కడి నసోని అనే క్యాడో ఊరికి ఒక పటం గీయించాడు, అది స్పెయిన్‌లోని సెవిల్లెలో భద్రంగా ఉంది. నది వెంబడి ఎవరి పొలం వాళ్ళది, పొలంలో ఇల్లు, ఇంటి పక్కన పందిరి, మొక్కజొన్న దాచడానికి ఎత్తు మంచె మీద గాదె, ఊరి చివర దిబ్బ మీద గుడి. మూడు వందల ముప్పై ఏళ్ళ కిందటి ఈ ఒక్క కాగితం ఆ సావనీర్ వ్యాసం రాసేవాళ్ళకి చూపిస్తే 'సంచరించేవి' అనే మాట రాయడానికి చెయ్యి రాదు.

ఆ ముందు ఏడాది, 1690లో, స్పెయిన్ వాళ్ళు తూర్పు టెక్సాస్‌లో మొదటి మిషన్, అంటే క్రైస్తవ మత ప్రచార కేంద్రం, పెట్టారు. ఆ చలికాలమే మశూచి లాంటి రోగం వచ్చి వందల మంది పోయారు. చచ్చేవాళ్ళకి ఫాదరీలు బాప్టిజం నీళ్ళు చల్లేవాళ్ళు, ఆ నీళ్ళు పడ్డవాళ్ళు మర్నాడు చచ్చిపోయేవాళ్ళు, కాబట్టి నీళ్ళే చంపుతున్నాయని జనం అనుకున్నారు, అనుకోరా మరి. సైనికులు ఆడవాళ్ళ జోలికి వెళ్ళడం దానికి తోడు. 1693 అక్టోబరులో ఫాదరీలే మిషన్‌కి నిప్పు పెట్టి రాత్రికి రాత్రి వెళ్ళిపోయారు. 1716లో మళ్ళీ వచ్చారనుకోండి, ఆ కథంతా ఇక్కడ చెప్పను.

అమెరికా వాళ్ళ కథ మాత్రం చెప్పాలి, ఎందుకంటే దాని మీదే మన ఇళ్ళున్నాయి.

1800ల మొదట్లో ఇటు అమెరికా, అటు స్పెయిన్, మధ్యలో క్యాడోలు. అప్పుడు వాళ్ళ పెద్ద దెహహూట్. ఇద్దరితోనూ మర్యాదగా మాట్లాడుతూ, ఎవరికీ పూర్తిగా లొంగకుండా, ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. 1806లో రెండు సైన్యాలు ఎదురెదురు నిలబడ్డప్పుడు అమెరికా తరఫున ఓర్లియన్స్ ప్రాంత (ఇప్పటి లూసియానా) గవర్నర్ స్వయంగా వచ్చి ఆయన్ని బతిమాలుకున్నాడు, మా వైపు ఉండకపోయినా ఫర్వాలేదు, వాళ్ళ వైపు పోకు అని. ఆ రోజుల్లో వాళ్ళ మాటకి అంత విలువ ఉండేది. రెడ్ రివర్‌లో 'గ్రేట్ రాఫ్ట్' అని వంద మైళ్ళకి పైగా కొట్టుకొచ్చిన చెట్లు, దుంగలు పేరుకుని ఉండేవి, పడవలు పైకి పోయేవి కావు, అదొక రకంగా వాళ్ళకి కాపలా. 1833లో కెప్టెన్ ష్రీవ్ అనే ఆయన ఆవిరి పడవలతో వచ్చి దాన్ని తీయడం మొదలుపెట్టాడు, ష్రీవ్‌పోర్ట్ ఆయన పేరే. నదికి దారి ఏర్పడింది, పత్తి రైతుల కళ్ళు ఆ నేల మీద పడ్డాయి, అదే ఏడాది దెహహూట్ పోయాడు.

1835 జూలై 1న అమెరికా ప్రభుత్వం వాళ్ళ చేత నేల అమ్మే ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది. దాదాపు పది లక్షల ఎకరాలు, 80 వేల డాలర్లు. ఎకరం ఎనిమిది సెంట్లు. అందులో 30 వేలకి గుర్రాలు, సామాను, మిగతాది ఏడాదికి 10 వేల చొప్పున ఐదేళ్ళు. ఏడాది లోపు సొంత ఖర్చులతో అమెరికా సరిహద్దు దాటి వెళ్ళిపోవాలి, ఒక జాతిగా మళ్ళీ తిరిగి రాకూడదు. ఒప్పందంలో పక్కవాళ్ళకి భూములు ఎలా దూర్చారు అనే దాని మీద తర్వాత కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, క్యాడోలకి ఒరిగింది మాత్రం ఏమీ లేదు. సరిహద్దు దాటి అప్పటి మెక్సికోలోకి, అంటే టెక్సాస్‌లోకి, తమ వాళ్ళ దగ్గరికే వచ్చారు. ఏడాది తిరక్కుండా 1836 వచ్చేసింది, టెక్సాస్ వేరే దేశం అయింది, ఆ కొత్త దేశానికి వీళ్ళు అక్కర్లేదు. మన సావనీర్‌లో చరిత్ర మొదలయ్యే ఏడాది వాళ్ళకి ఎలా గడిచిందో చూడండి.

డెంటన్ కౌంటీ, టారంట్ కౌంటీ వాళ్ళు ఇది ప్రత్యేకంగా చదవండి. ఫ్రిస్కోలో సగం మంది, ఫ్లవర్ మౌండ్, లూయిస్‌విల్ దాదాపు మొత్తం, కెల్లర్, సౌత్‌లేక్, ఆర్లింగ్‌టన్, మీరంతా వస్తారు. ఊరి నుంచి ఊరికి తరుముతుంటే క్యాడోలు, చెరోకీలు, టోంకవాలు ఇంకా కొందరు కలిసి ఇప్పటి ఆర్లింగ్‌టన్‌లో విలేజ్ క్రీక్ అనే వాగు వెంబడి ఊళ్ళు కట్టుకున్నారు, మొక్కజొన్న వేసుకున్నారు. 1841 మే 24న ఎడ్వర్డ్ టారంట్ అనే జనరల్ 69 మందిని వెంటబెట్టుకుని ఆ ఊళ్ళ మీద పడ్డాడు. ఇళ్ళు దోచుకున్నారు, తగలబెట్టారు. ఆ దాడిలో టారంట్ వైపు చనిపోయినాయన పేరు జాన్ డెంటన్. మన ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు మీద ఏటా అచ్చయ్యే రెండు పేర్లు ఇవే. ఆ ఊళ్ళ జాగాలో చాలా భాగం ఇప్పుడు లేక్ ఆర్లింగ్‌టన్ నీళ్ళ కింద ఉంది.

డల్లాస్ నేల అచ్చంగా క్యాడోలదే అని నేను అనడం లేదు, విచిటా, తవాకోని వాళ్ళు కూడా ఇక్కడున్నారు, వాళ్ళ భాషలు క్యాడోకి చుట్టాలే. పాత క్యాడో ఊళ్ళన్నీ తూర్పున ఉండేవి. అయితే వాళ్ళని తరిమిన దారి మాత్రం మన ఇళ్ళ ముందు నుంచే వెళ్తుంది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1854లో బ్రేజోస్ నది దగ్గర చిన్న రిజర్వేషన్, అంటే వాళ్ళు ఉండడానికి కేటాయించిన నేల, ఇచ్చారు, ఫోర్ట్ వర్త్‌కి పడమర. ఇళ్ళు కట్టుకున్నారు, దున్నుకున్నారు, పిల్లల్ని బడికి పంపారు, టెక్సాస్ రేంజర్లు అనే సాయుధ దళంతో కలిసి కొమాంచీ తెగ మీద యుద్ధానికి కూడా వెళ్ళారు. అయినా 1858 డిసెంబరు చివర్లో, వేటకి వెళ్ళి గుడారాల్లో నిద్రపోతున్న వాళ్ళ మీద చుట్టుపక్కల సెట్లర్లు తుపాకులు పేల్చి ఏడుగురిని చంపేశారు, ఆడవాళ్ళతో సహా. చంపిందెవరో ఊరందరికీ తెలుసు. ఒక్కడికీ శిక్ష పడలేదు. ఇక ఇక్కడ ఉంటే బతకనివ్వరని రాబర్ట్ నెయిబర్స్ అనే ప్రభుత్వ ఏజెంటు 1859 ఎండాకాలంలో వెయ్యికి పైగా మందిని, క్యాడోలు, అనడార్కోలు, ఇంకా వేరే వాళ్ళని, రెడ్ రివర్ దాటించి ఓక్లహోమాలో వాషిటా నది దగ్గరికి చేర్చాడు. పంటలు పొలంలోనే, పశువులు చాలావరకు ఎక్కడివక్కడే వదిలేసి వెళ్ళారు. నెయిబర్స్ వెనక్కి వచ్చాక సెప్టెంబరు 14న టెక్సాస్‌లోనే ఒకడు ఆయన్ని వెనక నుంచి కాల్చి చంపాడు. తర్వాత అంతర్యుద్ధం వచ్చి చాలామంది కాన్సస్ పారిపోయారు, 1867లో తిరిగొచ్చారు. 1901లో ఆ ఉమ్మడి నేల కూడా మనిషికి 160 ఎకరాల చొప్పున ముక్కలు చేసి, మిగిలిందంతా లాటరీ వేసి తెల్ల సెట్లర్లకి పంచేశారు.

ఇక్కడితో అయిపోలేదు. మన వాళ్ళు చాలామంది 'పాపం, అంతరించిపోయారు' అంటారు, ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. క్యాడో నేషన్ ఆఫ్ ఓక్లహోమా అని వాళ్ళకి ప్రభుత్వం గుర్తించిన సొంత పాలన ఉంది, ఆఫీసు బింగర్ అనే ఊళ్ళో, డల్లాస్ నుంచి నాలుగు గంటలు. సభ్యులు ఆరేడు వేల మంది. మ్యూజియం ఉంది, ఓట్లు ఉంటాయి, చైర్మన్ ఉంటారు, మన సంఘాల్లో లాగే ఎన్నికల గొడవలు కూడా అప్పుడప్పుడు ఉంటాయి. అది చూశాక నాకు వాళ్ళ మీద ఇంకా అభిమానం పెరిగింది.

భాష మాత్రం కష్టంలో ఉంది. ఇంట్లో అదే మాట్లాడి పెరిగిన తరం దాదాపు పోయింది, పాత రికార్డింగులు, నిఘంటువులు పెట్టుకుని కుర్రవాళ్ళు నేర్చుకుంటున్నారు. ఆదివారాలు తెలుగు బడి నడిపే మీకు దీని గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

కుండల సంగతి చూడండి. క్యాడో ఆడవాళ్ళు చేసిన కుండలంటే ఉత్తర అమెరికా మొత్తంలో మేలైన వాటిలో లెక్క. కుమ్మరి సారె ఉండదు. మట్టిలో పాత పెంకుల పొడో, కాల్చిన ఎముక పొడో కలిపి, ఆ మట్టిని తాళ్ళలా చేసి చుట్ట మీద చుట్ట పేర్చి, నున్నటి రాయితో మెరిసేదాకా రుద్దుతారు. కాల్చాక సూదిగా ఉన్న దానితో మెలికలు తిరిగే గీతలు చెక్కి, ఆ గీతల్లో ఎర్ర కావిరాయో తెల్ల సుద్దో రుద్దుతారు. నల్లటి కుండ మీద ఎర్ర గీత, చూసి తీరాలి. ఇళ్ళు వదిలి పరుగులు పెట్టే రోజుల్లో ఈ పని ఆగిపోయింది, నేర్పేవాళ్ళు లేకుండా పోయారు. 1991లో జెరీ రెడ్‌కార్న్ అనే క్యాడో ఆవిడ ఓక్లహోమాలో ఐడబెల్ అనే ఊరి మ్యూజియంకి వెళ్ళి, వరసగా పేర్చి ఉన్న తమ పూర్వీకుల కుండలు చూశారు. ఇవి మావే అయితే మాకెవరికీ చేయడం ఎందుకు రాదు అనిపించి, ఎవరూ నేర్పకుండా, పాత కుండలు చూస్తూ, పగలగొట్టుకుంటూ, తనంతట తాను నేర్చుకున్నారు. ఆవిడ చేసిన కుండ ఒకటి 2009లో ఒబామా ఓవల్ ఆఫీసులో పెట్టుకున్నారు. చేజ్ ఎర్ల్స్ లాంటి తర్వాతి వాళ్ళు ఇప్పుడు పెద్ద పేరు తెచ్చుకున్నారు, ఆయన చేసే మొసలి మూతి చేప ఆకారం కుండ చూస్తే మీకే తెలుస్తుంది.

మరి ఆ పాత కుండలు మ్యూజియాలకి ఎలా వెళ్ళాయి అంటే, చాలావరకు సమాధులు తవ్వి. స్పైరో అని ఓక్లహోమాలో ఇంకో దిబ్బల ఊరు ఉంది, క్యాడోలు, విచిటాలు తమ పూర్వీకులదని చెప్పే చోటు. 1933లో కొంతమంది కలిసి 'పొకోలా మైనింగ్ కంపెనీ' అని పేరు పెట్టుకుని ఆ దిబ్బని లీజుకి తీసుకుని, గుప్తనిధుల ముఠా తవ్వినట్టు తవ్వేశారు. చెక్కిన శంఖాలు, ముత్యాలు, రాగి రేకులు అక్కడికక్కడే వచ్చినవాళ్ళకి అమ్ముకున్నారు, ఎముకలు, వందల ఏళ్ళ నాటి బట్ట ముక్కలు పక్కన పారబోశారు, 1935లో లీజు అయిపోతుందనగా డైనమైట్ పెట్టి పేల్చారు. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని ప్రతి ఉగాది సభలో బాధపడే మనకి ఈ బాధ అర్థం కావాలి. 1990లో పూర్వీకుల అస్థికలు, సమాధి వస్తువులు తిరిగి ఇవ్వాలని చట్టం వచ్చింది, ఒక్కో యూనివర్సిటీతో, ఒక్కో మ్యూజియంతో వాళ్ళు ఇప్పటికీ ఉత్తరాలు నడుపుతూనే ఉన్నారు.

ఇంత చెప్పాక మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు: 'సరేనండీ, అయితే మన దసరా ప్రోగ్రాంకి వాళ్ళని పిలిపించి ఒక డ్యాన్స్ ఐటెం పెట్టిద్దామా?' వద్దు. అలా వద్దు. వాళ్ళకి టర్కీ డ్యాన్స్ అని ఉంది, ఆడవాళ్ళ నాట్యం. జుట్టు వెనక 'దుష్ తూ' అనే అలంకారం పెట్టుకుంటారు, దాన్నుంచి రంగు రంగుల రిబ్బన్లు పాదాల దాకా వేలాడుతుంటాయి. పాటల్లో పాత యుద్ధాలు, గెలుపులు, వాళ్ళ చరిత్రంతా ఉంటుంది. చివర్లో ఆడవాళ్ళే వెళ్ళి మగవాళ్ళని లాక్కొస్తారు. అది మధ్యాహ్నం మొదలై పొద్దు గుంకేలోపు అయిపోవాలి, టర్కీ కోళ్ళు చీకటి పడితే చెట్టెక్కేస్తాయి కాబట్టి. రాత్రి పదింటికి ఒక మాస్ బీట్ పాటకీ బిర్యానీ అనౌన్స్‌మెంట్‌కీ మధ్య ఐదు నిమిషాల్లో కానిచ్చే ఐటెం కాదది. సాయంత్రం డ్రమ్ డ్యాన్స్ ఉంటుంది, అందులో వాళ్ళు భూమి మీదికి ఎలా వచ్చారో పాడతారు. నేల అడుగున చీకట్లో ఉన్న జనం బయటికి రావడం, ముందుగా ఒక ముసలాయన ఒక చేతిలో నిప్పు, చుట్ట గొట్టం, ఇంకో చేతిలో డప్పు పట్టుకుని రావడం, వెనకాలే ఆయన భార్య మొక్కజొన్న గింజలు, గుమ్మడి గింజలు పట్టుకుని రావడం. అందరూ పైకి రాకముందే దారి మూసుకుపోయింది. పైకొచ్చినవాళ్ళు కింద మిగిలిపోయిన తమ వాళ్ళ కోసం కూర్చుని ఏడ్చారు, అందుకే ఆ చోటుకి ఏడ్చిన చోటు అనే పేరు. దీన్ని వినాలంటే మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళు రమ్మన్నప్పుడు.

అందుకే బస్సు అంటున్నాను. ముందు బింగర్ ఆఫీసుకి, అక్కడి మ్యూజియంకి ఒక మెయిల్ రాయండి. మేం ఫలానా, పిల్లలతో క్యాడో మౌండ్స్‌కి వెళ్దాం అనుకుంటున్నాం, మీ వాళ్ళెవరైనా వచ్చి మాట్లాడతారా, ఎంత ఇవ్వాలి, ఏం చేయకూడదు అని అడగండి. 'ఎంత ఇవ్వాలి' అనేది మర్చిపోకండి. హైదరాబాద్ నుంచి సింగర్‌ని పిలిస్తే టికెట్లు, హోటలు, రెమ్యూనరేషన్ బేరం ఆడకుండా ఇస్తాం, ఇక్కడ నాలుగు గంటలు డ్రైవ్ చేసి వచ్చే పెద్దావిడకి శాలువా కప్పి సరిపెడితే బాగోదు. వాళ్ళు కుదరదంటే కుదరదు, మనమే వెళ్దాం, ఆ స్థలాన్ని చూసేది టెక్సాస్ హిస్టారికల్ కమిషన్, వేళలు, గైడ్ సంగతి వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి. 2019 ఏప్రిల్ 13న సరిగ్గా క్యాడో కల్చర్ డే జరుగుతుండగా అక్కడ టోర్నడో పడి ఒకరు చనిపోయారు, పదుల మందికి దెబ్బలు తగిలాయి, మ్యూజియం భవనం, పాత పద్ధతిలో కట్టిన గడ్డి ఇల్లు రెండూ పోయాయి. అంత జరిగినా వాళ్ళు ఆ చోటుని వదిలిపెట్టలేదు, కాబట్టి మనం పిక్నిక్ మూడ్‌లో స్పీకర్లు పెట్టుకుని దిగొద్దు.

'మనమేం లాక్కోలేదు కదా, మనం హెచ్‌వన్ మీద వచ్చాం' అనే మాట కూడా వస్తుంది, వాట్సాప్ గ్రూపులో అప్పుడే వచ్చేసింది కూడా. లాక్కున్నామని ఎవరూ అనలేదండీ. ఇల్లు కొనుక్కున్న ఊళ్ళో మనకంటే ముందున్న వాళ్ళెవరో తెలుసుకుని, పిల్లలకి చెప్పి, వాళ్ళ వేషం వేసి కేకలు పెట్టడం మానేస్తే చాలు. ఇంకోటి, ఈవెంట్ మొదట్లో స్లైడ్ మీద 'ఈ నేల ఫలానా వారిది' అని పది సెకన్లు చూపించేసి చేతులు దులుపుకునే ఆలోచన ఉంటే అది కూడా వద్దు, దాని కన్నా ఏమీ చేయకపోవడమే నయం.

క్యాడో లేక్ పిక్నిక్ వేసేవాళ్ళకి ఒక మాట. అన్‌సర్టెన్ అనే ఊళ్ళో పడవెక్కి, సైప్రస్ చెట్ల మధ్య ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు, మంచిదే, చాలా అందమైన చోటు. ఈసారి ఫ్లయర్ మీద ఆ చెరువుకి ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో రెండు లైన్లు వేయండి, 1835 ఒప్పందంలో పోయిన నేల ఆ పక్కనే.

ముఖ్య అతిథులకి ఇచ్చే క్రిస్టల్ జ్ఞాపికల బదులు క్యాడో కళాకారుల దగ్గర నేరుగా ఒక చిన్న కుండ కొని ఇవ్వచ్చు. నేరుగా అని ఎందుకంటున్నానంటే, నకిలీ సరుకుని అమెరికన్ ఇండియన్లు చేసిందని చెప్పి అమ్మడం 1990లోనే వచ్చిన ఇంకో చట్టం ప్రకారం నేరం, అయినా హైవే పక్కన షాపుల్లో అమ్ముతూనే ఉంటారు.

వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఇది పెట్టండి. బస్సు ఖర్చులో నా వాటా నేనిస్తాను, పిల్లల పులిహోర, పెరుగన్నం మా ఇంటి నుంచి వస్తాయి, బింగర్‌కి రాసే మెయిల్ కూడా ముసాయిదా రాసి ఉంచాను, సెక్రటరీ గారు అడిగితే పంపిస్తాను. పిల్లలకి ముందే చెప్పండి: దిబ్బల మీదికి ఎక్కకూడదు, అందులో ఒకటి సమాధి. నేల మీద కుండ పెంకు కనిపిస్తే చూడాలి, జేబులో వేసుకోకూడదు, అది చట్టరీత్యా కూడా తప్పు. ఉదయం ఆరున్నరకి బస్సు బయల్దేరాలి. ఆరున్నరంటే ఆరున్నరే.

ఇట్లు,
డెంటన్ కౌంటీలో ప్రాపర్టీ ట్యాక్స్ కట్టే ఒక సభ్యురాలు